ఎదుటి పార్టీ వాళ్ల రౌండ్ టేబుల్‌కు పిలుపు వచ్చింది: పోతే ఏమేం చూసుకోవాలె?

ఎడమకాల్వ (ప్రశ్న):

సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు మాది. మా పార్టీ మండల కమిటీలో పనిచేస్తున్న. ఎదుటి పార్టీ జిల్లా శాఖ వచ్చే వారం నల్లగొండల ‘కృష్ణా జలాల్లో మన వాటా’ అని రౌండ్ టేబుల్ పెడుతున్నది. అన్ని పార్టీలను, రైతు సంఘాలను పిలుస్తున్నం, మీ పార్టీ తరఫున నువ్వు రా అని ఫోన్ చేసిన్రు. పార్టీల పేర్లు కావాలనే రాస్తలేను, రాస్తే చర్చ అటే పోతది.

ఫోన్ మీద పిలిస్తే పోవచ్చా? పోయినంక మా వాళ్లే ‘అక్కడెందుకు కూసున్నవ్’ అంటే ఏం చూపియ్యాలె? మా లెక్క చెప్పనీకి ఎంతసేపు ఇస్తరు, ఏ కాయితాలు పట్టుకపోవాలె? నాతోని ఒక సర్పంచు, ఒక గవర్నమెంటు టీచరు కూడ వస్తమంటున్నరు. వాళ్లకేమన్న ఇబ్బంది ఉంటదా? ఉపన్యాసాలు వద్దు, పనికొచ్చే మాటలు చెప్పున్రి.

తీర్మానంరాసేవాడు:

ఫోన్ పిలుపు మీద వెళ్లకండి. ఆహ్వాన లేఖ మీ పేరుతో కాకుండా మీ పార్టీ జిల్లా అధ్యక్షుడి పేరుతో, ‘మీ ప్రతినిధిని పంపగలరు’ అని రావాలి. నేరుగా మీ పేరుకే వచ్చిందంటే అది వ్యక్తిగత పిలుపు. మీరు వెళ్తే ‘ఫలానా పార్టీ నాయకుడు మా వేదిక మీదికి వచ్చాడు’ అని రాసుకునే వీలు వాళ్లకు దొరుకుతుంది. లేఖ వచ్చాక మీ అధ్యక్షుడు దాని మీదే ‘మన తరఫున ఫలానావారు హాజరవుతారు’ అని రాసి సంతకం పెట్టాలి. అంత ఓపిక లేకపోతే వాట్సాప్‌లో అదే మాట పంపినా చాలు. రేపు అడిగేవాళ్లకు చూపించాల్సింది అదే. షోకాజ్ నోటీసులు అక్కడ ఏం మాట్లాడావని రావడం తక్కువ, ఎవరిని అడిగి వెళ్లావని వచ్చేవే ఎక్కువ.

తర్వాత మీరు నిర్వాహకులకు నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి. మాటలు ఇలా ఉంటే సరిపోతుంది: ‘మీ ఆహ్వానం అందింది. అధ్యక్షత ఎవరు వహిస్తున్నారు, ఏయే పార్టీలు, సంఘాలు వస్తున్నాయి, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు, తీర్మానాలు ప్రవేశపెడుతున్నట్లయితే ముసాయిదా ముందుగా ఇవ్వగలరా అన్నది తెలియజేయగలరు.’ మొదటి మూడింటికి జవాబు వెంటనే వస్తుంది. నాలుగోది నాన్చుతారు. ఎందుకంటే రౌండ్ టేబుల్ తీర్మానం సాధారణంగా ముందురోజు రాత్రే తయారై ఉంటుంది. సమావేశంలో ఎవరేం మాట్లాడినా చివర చదివేది ఆ కాగితమే. అది తప్పేం కాదు, అన్ని పార్టీలూ చేసేదే. కానీ మీరు దాన్ని ముందే చూడాలి. ముసాయిదా ఇవ్వమని తేల్చి చెప్పేస్తే ‘అభిప్రాయం చెప్పడానికే వస్తున్నాం, తీర్మానంలో మేం భాగం కాదు’ అని అదే మెసేజ్ కింద రాసి పెట్టండి.

హాల్లోకి అడుగుపెట్టగానే గుమ్మం దగ్గర హాజరు రిజిస్టరు ఉంటుంది. పైన శీర్షిక లేని తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆ సంతకాల పేజీకి ముందు తీర్మానం పేజీ కుట్టడం ఒక్క పిన్ను పని. శీర్షిక లేకపోతే మీరే పైన ‘హాజరైనవారు’ అని రాసి, తేదీ వేసి, పేరు పక్కన పార్టీ, హోదా రాసి సంతకం చేయండి.

రెండోది కండువా. వచ్చినవాళ్లందరికీ శాలువాలు కప్పుతూ పోతారు, మధ్యలో ఒక కార్యకర్త అత్యుత్సాహంతో తన పార్టీ కండువా వేస్తాడు. ఆ ఒక్క ఫొటో సాయంత్రానికి ‘పార్టీలో చేరిక’ అయి మీ మండలమంతా తిరుగుతుంది. అందుకని మీ పార్టీ కండువా వేసుకునే వెళ్లండి. రౌండ్ టేబుల్‌లో అది మర్యాద తప్పడం కాదు, ఎవరు ఏ పక్షమో ఫొటోలోనే తెలుస్తుంది. శాలువా కప్పబోతే చేత్తో అందుకుని మడిచి బల్ల మీద పెట్టండి.

కుర్చీల సంగతి కూడా చూసుకోవాలి. బల్లలు యూ ఆకారంలో వేస్తారు. తల వైపు నిర్వాహకులు, వాళ్ల వెనక ఫ్లెక్సీ. మర్యాద కోసం ‘ఇలా పైకి రండి’ అని పిలుస్తారు. వెళ్తే మీ తల వెనక వాళ్ల నాయకుల బొమ్మలు పడతాయి. పక్క వరుసలో, అధ్యక్షుడికి కనిపించేలా కూర్చోండి. ‘అఖిలపక్షం’ అని ఫ్లెక్సీ మీద ఉండి కింద ఒక్క పార్టీ నాయకుల ఫొటోలే ఉంటే, మీరు మాట్లాడే మొదటి అర నిమిషంలోనే ‘ఇది ఫలానా పార్టీ ఏర్పాటు చేసిన సమావేశం, మేం ఆహ్వానితులుగా వచ్చాం’ అని నవ్వుతూనే చెప్పేయండి. రికార్డులో ఉంటుంది.

ఇక తీర్మానం. చదివాక ‘అందరూ చప్పట్లతో ఆమోదించాలి’ అంటారు. ఆ చప్పట్లే రేపటి పత్రికలో ‘ఏకగ్రీవం’. మీకు అభ్యంతరం ఉన్న అంశాల నంబర్లు చెప్పి, లేచి నిలబడి, ‘రెండు, నాలుగు అంశాలతో మా పార్టీ ఏకీభవించడం లేదు. అది నమోదు చేయాలని అధ్యక్షులను కోరుతున్నాం’ అనండి. అదే వాక్యం రాసిన కాగితం అధ్యక్షుడి చేతికివ్వండి. మొత్తాన్నీ కాదనడం కన్నా అంశాలవారీగా కాదనడమే గట్టిగా నిలబడుతుంది. మిగతావి ఒప్పుకున్నారు కాబట్టి గొడవకు వచ్చారన్న మాట పడదు. అన్నిటికన్నా చెడ్డపని ఏంటంటే, మాట్లాడేసి భోజనాల ముందే బయల్దేరిపోవడం. మీరు లేని గదిలో అయిన తీర్మానం కూడా మీరున్నట్టే అచ్చవుతుంది.

జీవోలసంచి:

కాగితాల విషయం నేను చెప్తాను. నాలుగైదు నిమిషాలకు మించి ఎవరికీ ఇవ్వరు. చాలామంది ఆ సమయంలో కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు మొదట పంచిన బచావత్ ట్రిబ్యునల్ నుంచి మొదలుపెట్టి నిన్నటి పేపర్ దాకా రావాలని చూస్తారు, మూడో నిమిషానికి గంట కొడతారు, అసలు మాట లోపలే ఉండిపోతుంది. ఒక ఒప్పుకోలు, రెండు అంకెలు, ఒక ప్రశ్న. అంతకన్నా సంచి నింపుకోకండి.

కృష్ణా మీద చర్చలో మాటతూలే చోట్లు ఇవి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు (75 శాతం విశ్వసనీయత, అంటే నూటికి 75 ఏళ్లు దొరికే నీటి లెక్క మీద 800, వాడాక తిరిగి నదిలో చేరే పునరుత్పత్తి జలాలు 11). టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. విభజన తర్వాత 2015 జూన్‌లో ఢిల్లీలో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. అది తాత్కాలిక సర్దుబాటు, ట్రిబ్యునల్ పంపకం కాదు. ఈ రెంటినీ కలిపి ‘ట్రిబ్యునల్ 299 ఇచ్చింది’ అన్నారంటే అవతలివాళ్లలో తెలిసినవాడు ఒక్కడున్నా చాలు, మిగతా మీ మాటంతా కొట్టుకుపోతుంది. తర్వాత కృష్ణా నదీ యాజమాన్య బోర్డులో వాడిన 66:34 నిష్పత్తి కూడా 512:299కి సరిగ్గా సమానం కాదు. లెక్క వేస్తే దాదాపు 63:37 వస్తుంది. ఏ ఏడాది గురించి మాట్లాడుతున్నారో చెప్పి అంకె చెప్పండి. కృష్ణా మీద రెండో ట్రిబ్యునల్ అయిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010 డిసెంబరు 30న తీర్పు, 2013 నవంబరులో తదుపరి నివేదిక ఇచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య పంపకం కోసం కేంద్రం 2023 అక్టోబరులో అదే ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చింది. అందుకని ‘పంపకం అయిపోయింది’ అన్న వాక్యం ఎవరి నోటి నుంచి వచ్చినా తప్పే.

మీ ఎడమ కాల్వ అంకెలో కూడా ఒక గుంట ఉంది. బచావత్ లెక్కలో సాగర్‌కు 281: కుడి కాల్వకు 132, ఎడమకు 132, ఆవిరి నష్టం 17. ఎడమ కాల్వ 132 మొత్తం మాదే అని నల్లగొండలో అంటే చప్పట్లు పడతాయి. కానీ ఆంధ్రలో ఉమ్మడి కృష్ణా జిల్లా చివరి ఆయకట్టు కూడా ఆ కాల్వ కిందే ఉంది. ‘132లో మన రాష్ట్ర ఆయకట్టుకు రావాల్సినది’ అని చెప్పండి.

క్యూసెక్కులు, టీఎంసీలు కలగలపడం మరో జబ్బు. క్యూసెక్కు ప్రవాహం (సెకనుకు ఒక ఘనపుటడుగు), టీఎంసీ పరిమాణం. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకె చేతి మీద రాసుకున్నా ఫర్లేదు. దీంతో శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ వైపు నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు 44,000 క్యూసెక్కులంటే రోజుకు సుమారు 3.8 టీఎంసీలని, 80,000కు పెంచితే 6.9 అని అక్కడికక్కడే చెప్పగలరు. 2020 మే 5 నాటి ఆంధ్రప్రదేశ్ జీవో 203లోని రాయలసీమ ఎత్తిపోతల సామర్థ్యం రోజుకు 3 టీఎంసీలు, అంటే 34,722 క్యూసెక్కులు. ఈ 3 టీఎంసీలు, 34,722 క్యూసెక్కులు ఒకటే అని తెలియక వేర్వేరుగా కలిపి చెప్పేవాళ్లున్నారు.

ఇంకొకటి. జీవో ఎత్తేముందు దాని తేదీ చూసుకోండి, ఆ తేదీన ప్రభుత్వంలో ఎవరెవరు ఉన్నారో చూసుకోండి. శ్రీశైలం కనీస నీటిమట్టం 1996 జీవో 69లో 834 అడుగులు, 2004 సెప్టెంబరు జీవో 107లో 854 అడుగులు. ఎదుటివాడి మీదికి విసురుదామని 107 బయటికి తీసి, అప్పటి మంత్రివర్గంలో తమ వాళ్లు కూడా ఉన్నారని అక్కడే విని నోరు మూసుకునే సన్నివేశం ఈ రాష్ట్రంలో ఎవరికైనా ఎదురు కావచ్చు. నీళ్ల విషయంలో చేతికి తడి అంటని పార్టీ లేదు.

ప్రతి కాగితం మూడు ప్రతులు తీయండి. ఒకటి అధ్యక్షుడికి, ఒకటి విలేకరులకు, ఒకటి మీకు. చెప్పే పేరా పక్కన గీత గీసి, పేజీ నంబరు పై మూలన పెద్దగా రాయండి. బోర్డు సమావేశాల మినిట్స్ ఉంటే పత్రికా కత్తిరింపులు అక్కర్లేదు. వారంలో సమావేశం కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు ఇప్పుడు అందదు, జవాబుకు 30 రోజుల గడువుంది. అయినా మీ డిస్ట్రిబ్యూటరీకి ఈ సీజన్‌లో ఎన్ని రోజులు నీళ్లిచ్చారన్న లెక్క కోసం ఇప్పుడే పెట్టేయండి, తర్వాతి సమావేశానికి పనికొస్తుంది.

కెమెరావెనక:

పై రెండు జవాబులూ గది లోపలి సంగతులు. గదిలో ఉండేది ముప్పై నలభై మంది. బయటికి వెళ్లేది పదిహేను సెకన్ల ముక్క.

తెలుగులో మాట్లాడేవాళ్లు ఎక్కువగా పడే ఉచ్చు ఒకటుంది. ‘మా ప్రభుత్వం నీళ్లు వదులుకుందని మీరంటున్నారు, అది అబద్ధం’ అంటాం. మన వాక్యంలో ఎదుటివాడి ఆరోపణ ముందొస్తుంది, ‘అని మీరంటున్నారు’ చివర్న వస్తుంది. చివరి రెండు మాటలు కోసేస్తే ఆరోపణ మీ గొంతుతోనే ఉంటుంది. అందుకని వాళ్ల ఆరోపణను మీ నోటితో పూర్తి వాక్యంగా పలకొద్దు. ‘మీ మొదటి వక్త చెప్పిన అంశానికి జవాబు ఇది’ అని నేరుగా జవాబులోకి వెళ్లండి. తప్పనిసరైతే ‘మీ వాదన ఏంటంటే’ అని మొదట అనేసి, అదే ఊపిరిలో ‘దానికి ఆధారం లేదు’ అనండి. ముక్క కోయడానికి సందు ఇవ్వొద్దు. వెటకారం కూడా వద్దు. ‘అవునవును, మీరే తెచ్చారు నీళ్లు’ అని వెటకారంగా అన్నా అచ్చులో అది మెచ్చుకోలు అవుతుంది.

మీ సొంత రికార్డింగు తప్పనిసరి. ముగ్గురు వెళ్లండి: మాట్లాడేది ఒకరు, కాగితాలు అందించేది ఒకరు, రికార్డు చేసేది ఒకరు. పదిమంది వెళ్తే అది ప్రతినిధి బృందంలా కాక గొడవకు వచ్చిన గుంపులా కనిపిస్తుంది. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, మధ్యలో ఫోనొస్తే రికార్డింగు తెగిపోతుంది. 720పీ చాలు. 1080పీలో గంటకు ఏడెనిమిది జీబీ దాకా తింటుంది, మెమరీ నిండి సరిగ్గా మీ వంతు వచ్చేసరికి ఆగిపోతుంది. ఇంకో ఫోన్లో ఆడియో ఒక్కటే తీయండి. ఆరంభం నుంచి తీర్మానం దాకా ఆపకుండా ఉంటేనే, కత్తిరించిన క్లిప్ బయటికొచ్చినప్పుడు పూర్తి వీడియో పెట్టి జవాబివ్వగలరు. మీరు మాట్లాడిన భాగం మాత్రమే ఉంటే అది కూడా కత్తిరించిందే అంటారు.

వంతు విషయంలో మొహమాటపడొద్దు. పదకొండుకని రాసిన సమావేశం పన్నెండుకు మొదలవుతుంది. నిర్వాహకుల వైపు నలుగురు మాట్లాడేసరికి కెమెరాలు సర్దుకుంటారు, ఎందుకంటే విలేకరులకు అదే పూట ఇంకో రెండు ప్రోగ్రాంలుంటాయి. ‘మొదటి నలుగురిలో మాకు అవకాశం ఇవ్వండి, లేదా పార్టీలకు ఒకటి విడిచి ఒకటి పిలవండి’ అని ముందురోజే చెప్పండి. వంతు చివర పడితే కనీసం మీ కాగితం విలేకరుల చేతిలో ముందే ఉండాలి. అరపేజీ, మీరు చెప్పబోయే రెండు అంకెలు, ఒక ప్రశ్న, కింద మాట్లాడినవారి పేరు, హోదా. సాయంత్రం నాలుగులోపు అదే ప్రెస్‌నోట్‌గా ఒక ఫొటోతో విలేకరుల గ్రూపులో పడాలి. ఆ తర్వాత పంపింది జిల్లా పేజీలో చోటు దొరకడం కష్టం.

ప్లీడరుగుమాస్తా:

చట్టం సంగతులు అడిగారు కాబట్టి విడిగా రాస్తున్నాను.

మొదట చూడాల్సింది ఎన్నికల కోడ్ ఉందా లేదా అని. లేకపోతే ఎవరి సమావేశానికి ఎవరైనా వెళ్లొచ్చు. ఉంటే ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలోనే ఒక మాట ఉంది: ఒక పార్టీ కార్యకర్తలు, సానుభూతిపరులు మరో పార్టీ బహిరంగ సభల్లో నోటితో గానీ రాతపూర్వకంగా గానీ ప్రశ్నలు వేసి, తమ కరపత్రాలు పంచి ఆటంకం కలిగించకూడదు. చాలామందికి ఇది తెలియదు, ‘ప్రశ్న అడిగితే తప్పేంటి’ అంటారు. ఆహ్వానం మీద వెళ్లి మీ వంతు వచ్చినప్పుడు అడగడం వేరు, జనంలో కూర్చుని లేచి అడగడం వేరు. అందుకే పైన చెప్పిన లేఖ జేబులో ఉండాలి. స్థానిక ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘం విడిగా కోడ్ ఇస్తుంది, దాన్నీ ఒకసారి చదవండి.

పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి పోలింగ్ దాకా ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. రాజకీయ సభ జరగకుండా అల్లరి చేసినా, చేయించినా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సభాధ్యక్షుడు కోరితే పోలీసు అధికారి, అనుమానం ఉన్న వ్యక్తిని పేరు, చిరునామా చెప్పమని అడగొచ్చు. చెప్పకపోతే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. కాబట్టి ఎన్నికల వేళ గొడవ మొదలైతే పేరు దాచడం తెలివి కాదు.

మాటల్లో జాగ్రత్త: అసెంబ్లీలో ఎమ్మెల్యేకున్న రక్షణ రౌండ్ టేబుల్‌లో ఎవరికీ లేదు. ఫలానా నాయకుడు కాంట్రాక్టరు దగ్గర ఇంత తిన్నాడని ఆధారం లేకుండా అంటే భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం ఫిర్యాదు రావచ్చు. రెండేళ్ల దాకా సాధారణ జైలు ఉంది. ‘కాగ్ నివేదిక ఫలానా పేజీలో ఇలా రాసింది’ అని చదవడం సురక్షితం. ఆ వాక్యానికి మీ సొంత విశేషణాలు చేర్చడం సురక్షితం కాదు.

టీచరు గారు రాకపోవడమే మంచిది. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 19వ నిబంధన ఉద్యోగులు రాజకీయాల్లో పాల్గొనడాన్ని నిషేధించింది. కేంద్ర ఉద్యోగుల విషయంలో ఉన్న పాత వివరణ ప్రకారం, బహిరంగ సభకు శ్రోతగా వెళ్లొచ్చు. అయితే అది నిజంగా అందరికీ తెరిచిన సభ అయి ఉండాలి, నిషేధాజ్ఞలకు విరుద్ధంగా జరగకూడదు, ఉద్యోగి అందులో మాట్లాడకూడదు, నిర్వహణలో చేయి పెట్టకూడదు. రౌండ్ టేబుల్ పిలిచినవాళ్లకే. ఆ మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. పైగా ఒక పార్టీ ప్రతినిధి పక్కన కుర్చీలో కనిపిస్తే శ్రోతనని చెప్పుకోవడం కష్టం. ఆయనకు తెలిసిన లెక్కలు ఇంట్లోనే కూర్చుని మీకు చెప్పమనండి.

సర్పంచుకు ఇబ్బంది లేదు. సర్పంచు ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ‘గ్రామ సర్పంచు’ అని రిజిస్టరులో రాస్తే చాలు, మీ పార్టీ పేరు రాయనక్కర్లేదు. అయితే ఆయన పంచాయతీ తరఫున తీర్మానానికి మద్దతు చెప్పకూడదు, పంచాయతీ పాలకవర్గం తీర్మానం లేకుండా ఆ మాటకు విలువ లేదు.

మీ ఎమ్మెల్యేనో ఎంపీనో వస్తానంటే మాత్రం ఆగి ఆలోచించండి. 2017 డిసెంబరులో రాజ్యసభ ఛైర్మన్‌గా వెంకయ్యనాయుడు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల సభ్యత్వాన్ని రద్దు చేశారు. పార్టీ వద్దన్నా ఆగస్టులో పాట్నాలో మరో పార్టీ సభకు వెళ్లడం అందులో చూపిన కారణాల్లో ముఖ్యమైనది. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద ప్రవర్తనను బట్టి కూడా తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. పార్టీ రాతపూర్వకంగా పంపితే ఆ ప్రమాదం ఉండదు. మండల కమిటీ సభ్యుడికి పదో షెడ్యూలు వర్తించదు లెండి, మీకున్నది పార్టీ క్రమశిక్షణ ఒక్కటే.

గట్టుమీదనుంచి:

అందరూ ఎలా వెళ్లాలో చెప్తున్నారు. అసలు వెళ్లకపోతే ఏం పోతుంది? వాళ్ల సమావేశం, వాళ్ల మైకు, వాళ్ల తీర్మానం. మీరు వెళ్తే దానికి ‘అఖిలపక్షం’ అన్న పేరు ఉచితంగా ఇచ్చినట్టే. ఒక ఉత్తరం రాసి, అందులో మీ లెక్కలు పెట్టి, ‘మా అభిప్రాయం ఇది, సమావేశంలో చదివి వినిపించగలరు’ అని పంపితే సరిపోదా? చదవకపోతే ఆ ఉత్తరాన్నే పత్రికలకివ్వొచ్చు.

బహిరంగ చర్చ సవాళ్లు ఎలా నడుస్తాయో చూస్తున్నాం. 2025 జూలై 8న కేటీఆర్ సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌కు వెళ్లి కూర్చున్నారు, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ రోజు ఢిల్లీలో ఉన్నారు, అధికార పక్షం అసెంబ్లీకి రమ్మంది. ఎవరి వాళ్లు గెలిచామన్నారు. రైతు సంగతి ఎవరికీ తెలియలేదు.

తీర్మానంరాసేవాడు:

గట్టుమీదనుంచి గారూ, మీరు చెప్పిన ఉదాహరణ సవాలుకు సరిపోతుంది, రౌండ్ టేబుల్‌కు కాదు. సవాలులో తేదీ, చోటు, అధ్యక్షుడు, సమయం ఇద్దరూ కలిసి రాసుకోరు. ఇక్కడ అవి అడిగే వీలుంది. అడిగినా ఇవ్వకపోతే మీరన్నట్టు ఉత్తరమే సరి.

నా కొలత ఇది: మీ పార్టీ వైఖరి స్పష్టంగా ఉన్న అంశమైతే వెళ్లండి, లేకపోతే ఉత్తరం కూడా పంపకండి. 2010 జనవరి 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ అంశం మీద పిలిచిన అఖిలపక్షానికి ఇద్దరేసి ప్రతినిధులను పంపిన పెద్ద పార్టీలు అక్కడ చెరో ప్రాంతం మాట చెప్పించాయి. ఆ తర్వాత ఏళ్లతరబడి వాటిని అడిగిన ప్రశ్న ఒకటే: మీ వైఖరి ఏంటి? అందుకే ముగ్గురు వెళ్లినా నోరు ఒకటే ఉండాలి. సర్పంచు గారు రైతు సమస్య చెప్పొచ్చు, పార్టీ మాట మాత్రం ఆయన నోటి నుంచి రాకూడదు.

ఎడమకాల్వ:

అందరికీ దండాలు. టీచరు సారుకు వద్దని చెప్పిన. లేఖ అడిగిన, రేపు పంపుతమన్నరు. ముసాయిదా మాత్రం ‘ఇంక రాయలె’ అంటున్నరు, పైన అన్నట్టే. ఇంకొక్క ముచ్చట: నేను మాట్లాడుతుంటె మైక్ బంద్ చేస్తే, ఎనకనుంచి లొల్లి చేస్తే ఏం చెయ్యాలె? లేచి వచ్చేద్దునా?

మైక్‌టెస్టింగ్:

మైక్ ఆగితే మైక్ కోసం చెయ్యి చాపకండి. ఇద్దరు ఒకే మైకు పట్టుకుని గుంజుకుంటున్న ఫొటో ఒక్కటి చాలు, లెక్కలన్నీ వృథా. నోరు మూసుకుని నిలబడండి, అధ్యక్షుడి వైపే చూడండి. కూర్చోవద్దు, కూర్చుంటే మీ వంతు అయిపోయినట్టు తర్వాతివాళ్లను పిలిచేస్తారు. అర నిమిషం నిశ్శబ్దంగా నిలబడినవాణ్ని చూసి అధ్యక్షుడే ‘మాట్లాడనివ్వండి’ అనాల్సి వస్తుంది. అప్పుడు మిగిలిన సమయం ఎంతో అడిగి, ఆగిన వాక్యం నుంచి కాక మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెట్టండి. గొంతు పెంచాల్సిన పని లేకుండా ముందు వరుసలో మీ వాళ్ల ఆడియో ఫోన్ ఉంటుంది కదా, మైక్ లేకపోయినా రికార్డవుతుంది.

లొల్లి చేసేవాళ్లకు జవాబు చెప్పొద్దు. ప్రతి మాటా ‘అధ్యక్షా’ అనే మొదలుపెట్టండి. అరుపుకు జవాబిస్తే అప్పటినుంచి మీ సమయం అరిచేవాడిది.

వాకౌట్ చివరి పని. చేయాల్సి వస్తే కారణం ఒక్క వాక్యంలో చెప్పి, ఆ వాక్యం రాసిన కాగితం అధ్యక్షుడికిచ్చి నడవాలి: ‘ఇచ్చిన సమయంలో మాట్లాడనివ్వనందున మేం నిష్క్రమిస్తున్నాం, తీర్మానాలతో మాకు సంబంధం లేదు.’ ఆ రెండో సగం మర్చిపోతే పైన తీర్మానంరాసేవాడు చెప్పిన ఇబ్బందే మళ్లీ. గుమ్మంలో నిలబడి ఎవరితోనూ మాట్లాడొద్దు, విలేకరులను రోడ్డు మీదికి రమ్మనండి. వాళ్ల హాలు గుమ్మం మీద కూడా ఫ్లెక్సీ ఉంటుంది.

ఒక చిన్న విషయం: పెన్నులు రెండు, తెల్లకాగితాలు పది, పిన్నులు తీసుకెళ్లండి. అభ్యంతరం రాయడానికి కాగితం వాళ్లనే అడిగితే అది వాళ్ల లెటర్‌హెడ్ మీద వస్తుంది.